ఎక్కేవాళ్ళ కొలత

తిరుపతి,
9-3-1979.

నాయనకు,

నీ తిరుమలమ్మను, ఇక్కడినుంచే నీ కాళ్ళకు మొక్కి రాస్తున్నాను. నువ్వు పంపిన చింతపండు, ఉలవలు అందాయి. ఉలవల్లో రాళ్ళు చూసి, నీ పగిలిన కళ్ళజోడు ఇంకా మార్పించుకోలేదని తెలుసుకున్నాను. టాక్సీ తోలే మనిషివి, ఆ మాత్రం చూసుకోవద్దా?

నీ పాత హెరాల్డు కారు సంగతి అడిగావు. పూతలపట్టు కూడలిలో మామిడికాయల లారీ గుద్ది ముందుభాగం నుజ్జయిన బండిని, పాత ఇనుముకు వేయకుండా నీ అల్లుడు అడిగాడని ఇచ్చేశావు. ఆ మంచితనాన్ని ఆయన రోజూ తలుచుకుంటాడు. కానీ బండి గతి వింటే నీ గుండె ఆగిపోతుంది. ఒళ్ళంతా ఊడదీసి ఇంజనూ, అడుగు చట్రమూ మాత్రం మిగిల్చాడు. ఆ చట్రాన్ని కూడా నడుమ కోసి, జానెడు ముక్క తీసేసి మళ్ళీ అతికించాడు.

ఇదంతా ఎందుకంటే, రాగి రేకు కొనడానికి మద్రాసు పోయినవాడు మూర్ మార్కెట్టులో ఒక పాత ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చాడు. అందులో ఒక జపాను కారు బొమ్మ ఉంది. టొయోటా 2000 జి.టి. అట. లోకం మొత్తం మీద మూడు వందల చిల్లర మాత్రమే చేశారట. తెల్లగా, పొడుగు మూతితో, నేలకు అంటుకుని పరిగెత్తేలా ఉంది. ఒక జపాను మనిషి స్టీరింగు ముందు దర్జాగా కూర్చుని ఉన్నాడు. "గరుడ వాహనానికి రేకు కొట్టే చేతులు, దీనికి కొట్టలేవా?" అన్నాడు నీ అల్లుడు. ఇక చూసుకో. పగలంతా గుళ్ళ వాహనాలకు రాగి రేకు, సాయంత్రమైతే పెరట్లో వేపచెక్కతో చేసిన కారు ఆకారం మీద ఇనుప రేకు. ఇనుము రాగిలా మాట వినదు, కొట్టిన చోట వంగి పక్కన పైకి లేస్తుంది. ఎదురింటి అక్కమ్మ రోజూ వచ్చి, "మీ పెరట్లో ఏ దేవుడు వెలుస్తా ఉండాడమ్మే?" అని అడిగి పోతుంది.

ఇంతవరకూ నవ్వుతూ రాశాను. ఇకమీద రాసేది ఒక్కడివే చదువుకో.

చిన్నప్పుడు జ్వరం వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోతే, నువ్వు నన్ను టాక్సీ ముందుసీట్లో కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయేవాడివి. నువ్వు క్లచ్ తొక్కితే నేను గేరు మార్చేదాన్ని. ఆ బండిలో ఉన్నంతసేపూ నా కాలు నాకు గుర్తు వచ్చేది కాదు. నీ రుణం ఏ జన్మకూ తీరదు నాయనా. ఇక్కడ అలా కాదు. వీధిలోకి అడుగుపెడితే చాలు, ఆయన నాకు పది అడుగుల ముందు నడుస్తాడు. గుడికి పోయినా అంతే, అంగడికి పోయినా అంతే. వెనక్కి తిరిగి చూడడు. కుంటిపెళ్ళాం పక్కన నడవడానికి సిగ్గుపడుతున్నాడని అర్థం చేసుకున్నాను. ఒక మాట అనడు, చెయ్యెత్తడు, వండింది వంక పెట్టకుండా తింటాడు. అలాంటి మనిషి మీద ఏమని చెప్పుకోను?

ఈ కారుకు రెండే సీట్లు. మొన్న ధైర్యం చేసి, "ఎవురెక్కేదానికి ఇది?" అని అడిగాను. నవ్వి సుత్తి అందుకున్నాడు. ఈ పని మొదలు పెట్టినప్పుడు ఒకరోజు నన్ను గడప మీద కూర్చోబెట్టి, నుదుటి నుంచి గడ్డం దాకా దారం పట్టి, ముడివేసుకుని పోయాడు. కమ్మలు చేయిస్తాడేమోనని ఆశపడ్డాను. చెవులకు ఇప్పటికీ పాతవే.

అందుకే తీర్మానించుకున్నాను. బండి పూర్తయ్యేదాకా ఉంటాను, నడుమ వదిలి వస్తే ఆయన చెయ్యి ఆడదు. ఆ తర్వాత చిత్తూరు వచ్చి నీ దగ్గరే ఉండిపోతాను. రావద్దని మాత్రం రాయకు.

నీ కూతురు,
తిరుమలమ్మ.


తిరుపతి,
21-7-1979.

నాయనా,

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు ఇది విను.

మొన్న ఆదివారం బండికి వేసిన తెల్లరంగు ఆరింది. అచ్చు గుద్దినట్టు బొమ్మలో కారే. ఆయన స్నేహితుడు సంపత్కుమార్, దేవస్థానం ఆఫీసులో గుమాస్తా, టేపు తెచ్చి పుస్తకంలోని అంగుళాలతో సరిచూశాడు. పొడవు తక్కువ, వెడల్పు తక్కువ, ఎత్తు తక్కువ. "ఏమప్పా గోవిందస్వామీ, ఉతికి ఆరేసినావా ఏంది? కుంచించుకపోయిండాదే" అన్నాడు. వీధి వీధంతా నవ్వింది. ఆయన లోపల కూర్చోబోతే మోకాళ్ళు స్టీరింగుకు తగిలాయి, తల కప్పుకు కొట్టుకుంది. ఇన్నాళ్ళ కష్టం ఇలా అయ్యిందే అని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నా బాధ ఆ నిమిషం గుర్తే రాలేదు.

ఆయన దిగి, తల రుద్దుకుంటూ, "అది నా కొలత కాదు గదప్పా" అన్నాడు.

లోపలికి పోయి, మేకుకు వేలాడుతున్న ముడి దారం తెచ్చి చూపించాడు. మా మామగారు నేర్పిన పద్ధతి అది. వాహనం చేసేముందు, దానిమీద ఊరేగే విగ్రహం ముఖాన్ని దారంతో కొలుస్తారు. ఇన్ని ముఖాల పొడవు, ఇన్ని ముఖాల ఎత్తు అని వాహనమంతా ఆ దారంతోనే తేలుస్తారు. ఈయన బొమ్మలోని జపాను మనిషి ముఖంతో కారంతా కొలిచి, ఎన్ని ముఖాలో లెక్కకట్టాడు. చెయ్యడం మొదలుపెట్టినప్పుడు ఆ ముఖం తీసేసి నా ముఖం పెట్టాడు. నాది చిన్న ముఖం, బండీ చిన్నదైంది. నీ చట్రంలో జానెడు పోయింది అందుకే.

"పుస్తకంలో అంగుళాలు రాసిపెట్టిండారు, దారమెందుకబ్బా?" అన్నాడు సంపత్కుమార్.

"మోసేవాళ్ళ కొలతకు వాహనం యాడన్నా చేస్తారా? ఎక్కేవాళ్ళ కొలతకే చేసేది" అని, నా వైపు తిరిగి, "కూసో" అన్నాడు.

కూర్చున్నాను నాయనా. కప్పు తలకు తగల్లేదు, స్టీరింగు చేతికందింది, కుడికాలు బ్రేకు మీద సరిగ్గా ఆనింది. ఎడమకాలికి పనే లేదు. గేరు కడ్డీకి స్కూటరు క్లచ్ పిడి లాంటిది బిగించి ఉంటే, అదేదో జపాను సోకు అనుకున్నాను ఇన్నాళ్ళూ. అదే క్లచ్. పిడి నొక్కి, ఆ చేత్తోనే గేరు మార్చుకోవాలి. నీ టాక్సీలో నేను గేర్లు మార్చేదాన్నని పెళ్ళయిన కొత్తలో ఎప్పుడో చెప్పాను. అప్పుడు విన్నట్టే లేడు.

ఒకటో గేరులో వీధిలోకి తీశాను. ఆయన ఎప్పటిలాగే ముందు నడిచాడు, వెనక్కి చూడకుండా. మేకలను అదిలించాడు. ఎద్దులబండిని పక్కకు తీయమన్నాడు. కాలితో ఒక రాయిని తోశాడు, కాస్త దూరం పోయి ఇంకో రాయిని, తర్వాత ఒక అరటితొక్కను. ముందు అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాను. పెళ్ళయిన నాటినుంచీ ఆయన అలాగే నడుస్తున్నాడు. నడిచేటప్పుడు నా చూపు ఎప్పుడూ నా కాలి మీదే ఉండేది, అందుకే ఆయన కాలు ఏం చేస్తున్నదో కనబడలేదు. నాకు ఏడుపు ఆగలేదు. అక్కమ్మ చూసి, బ్రేకు పడలేదేమో అని పరిగెత్తుకొచ్చింది.

ఇలాంటి మనిషికి నన్ను ఇచ్చినందుకు, నీ బండి ఇచ్చినందుకు నీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

చిత్తూరు వస్తానన్న మాట తప్పను. బండి కాగితాలు, నా లైసెన్సు చేతికొచ్చాక, మామిడి లారీల రద్దీ తగ్గాక, నేనే తోలుకుంటూ వస్తాను. ఓ నాలుగు రోజులుండి, నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఇక్కడికి తెస్తాను. నాది నీ ముఖమే, కాబట్టి ఆ సీటు నీకు సరిపోతుంది. కళ్ళజోడు మాత్రం ఈలోపల మార్పించుకో. ఇక్కడ అందరం బాగున్నాం.

ఆయన ఎలా వస్తాడంటావా? బండిలో పట్టడు కదా. నాకంటే ముందు బస్సులో బయలుదేరి, పూతలపట్టు కూడలిలో దిగి నిలబడి ఉంటాడట, నేను దాటేదాకా లారీలను ఆపడానికి.

నీ కూతురు,
తిరుమలమ్మ.