చెవి వెనక మచ్చ

ఏమేవ్, పాలు కాచి మూత పెట్టాను. షాపు తాళాలు తలుపు వెనక మేకుకి ఉన్నాయి. ఎవరైనా గడ్డం గీయించుకోవడానికి వస్తే సాయంత్రం రమ్మను. నేనెక్కడని అడిగితే పంటి నొప్పికి వెళ్ళాడని చెప్పు.

నువ్వు డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆగలేక, ఈ చీటీ రాసిపెట్టి ఆసుపత్రికి బయల్దేరాను. ఊపిరితిత్తిలోంచి తీసిన ముక్కకు చేసిన జన్యు పరీక్ష ఫలితం ఇవాళ చెబుతారు. వాళ్ళు వెతికే తేడా జన్యువులో దొరికితే మాత్రలతో లొంగదీయొచ్చట. దొరక్కపోతే వేరే దారి చూడాలట. స్కూల్లో ఒక్క పరీక్షా గట్టెక్కనివాణ్ణి, ఇదెలా గట్టెక్కుతానో!

నీతో చెప్పలేదు గానీ, మొన్న పెద్ద నవ్వులాట అయింది. నాకొచ్చిన రకం క్యాన్సర్, మెలనోమా అంటారట, మామూలుగా చర్మం మీది మచ్చలో పుడుతుందట. నాది తిన్నగా ఊపిరితిత్తిలోనే పుట్టిందంటే డాక్టర్లకే నమ్మకం కుదరక, నన్ను కాలివేళ్ళ సందుల దాకా వెతికారు. చెవి వెనక నల్లమచ్చ కనబడగానే ముగ్గురు భూతద్దాలతో మూగారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పెద్ద డాక్టరమ్మ స్పిరిట్ దూదితో తుడిచి, "ఇది తలకేసుకునే రంగండీ" అంది. ఊళ్ళో సగం తలలకు మరకంటకుండా రంగేసిన మంగలిని నేను! అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. అయినా నాకు వేసింది నువ్వు. చెవి వెనక తుడవమని చెప్పానా లేదా? నీకప్పుడు సీరియల్ తొందర.

ఆ ఉక్రోషంలో రంగు డబ్బా చెత్తబుట్టలో పారేశాను. ఇక ముసలాడిలాగే తిరుగుతాను.

అన్నట్టు, ఆ డబ్బా తీసి తుడిచి అద్దం పక్కన పెట్టు. ఫలితం ఎలా వచ్చినా జుట్టు నెరవక మానదుగా. మళ్ళీ నువ్వే వెయ్యాలి. ఈసారి చెవి వెనక తుడవకపోయినా ఏమీ అనను.