మట్టి బడికి పరీక్ష

సోమవారం, రాత్రి

ఫ్యాన్లు లేకున్నా చల్లగా ఉండే బడి నమూనా చేయమని పిల్లలకు పోటీ పెట్టారు. సెలవులిచ్చినప్పటి నుంచి మా మనవరాలు శ్రావణి, ఆమె జట్టు మా వరండాలో మట్టితో చిన్న బడి కడుతున్నారు. కొలతలన్నీ నేనే సరిచూశాను. ఈ మధ్యాహ్నం ఊరి పక్క బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరగగానే ఇల్లు ఎప్పటిలాగే అదిరింది. బడి గోడ మాత్రం నిలువునా చీలింది.

"ఎల్లుండే కొత్తగూడెంల పోటీ, నానమ్మా!" అని శ్రావణి ఏడ్చింది.

"రోజూ వినే చప్పుడే గదా, మరిచిపోయి కట్టిన్రా?" అని కసిరాను. నిజానికి అది నాకూ తట్టలేదు. అలవాటైన చప్పుడు లెక్కలోకి రాదు.

జట్టులో సమ్మక్కది అడవి పక్క పల్లె. "ఊకోవే," అంది శ్రావణితో. "మా ఇంటి గోడల వెదురు తడిక ఉంటది. అదురుతది గానీ పగల్దు. గిందుల గూడా పెడదాం."

"ఇప్పుడు వెదురేడ దొరుకుతది?" అంది శ్రావణి.

నేను లోపలికి వెళ్లి, ఎవరినీ ముట్టనివ్వని నా వెదురు చాట తెచ్చి వాళ్ల ముందు పెట్టాను. శ్రావణి నా నుదురు పట్టి చూసింది. "జరం గిట్ల వచ్చిందా, నానమ్మా?"

"నోరు మూసుకొని బద్దలు విప్పు," అన్నాను.

చీకటి పడేసరికి తడిక అల్లి, మట్టి మెత్తి, గోడ మళ్లీ లేపారు. వరండాలో ఆరుతోంది. నిలబడుతుందో లేదో రేపు మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయితే గాని తెలియదు. ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆ చప్పుడును తిట్టుకోవడమే గాని, దానికోసం ఎదురుచూడటం ఇదే మొదటిసారి.