నా బదులు నువ్వు చేసిన ప్రార్థన

వదినా,

ఇవాళ మా అమ్మాయి సువార్తమ్మకి కాలవలో బాప్తిస్మం ఇచ్చారు. నువ్వు పోయాక మన ఇంట్లో జరిగిన మొదటి శుభం ఇది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా, దొరసానిగారి బడిలో నువ్వు నేర్చుకొచ్చి నాకు నేర్పిన అక్షరాలతో ముందు నీకే చెప్పాలనిపించింది.

మనం ప్రభువును నమ్ముకున్న సంవత్సరమే మశూచికం నా కొడుకుని తీసుకుపోయింది. అమ్మవారికి కోపమొచ్చిందని పేటంతా అన్నారు. అదే నిజమేమోనని నాకూ అనిపించింది. మందిరానికి రావడం మానేశాను. మోకరించినా నోట మాట వచ్చేది కాదు. మందిరం నుంచి అయ్యగారు వచ్చి వాక్యం చెప్పబోతే నువ్వే అడ్డుపడ్డావు.

"దాన్ని ఇప్పుడేమీ అనకండయ్యగారూ," అని నా పక్కన కూర్చున్నావు. "నీకు నమ్మకం కుదిరేదాకా నీ బదులు నేను ప్రార్థన చేస్తానులే శాంతా. ముందు కాస్త గంజి తాగు," అన్నావు.

ఎన్ని సాయంత్రాలు వచ్చావో! నా కొడుకు పేరు చెప్పి, దేవుడి మీద నాకున్న కోపం కూడా దాచకుండా ఆయనకే చెప్పేదానివి. అంత కోపం విని కూడా ఆయన నన్ను విడిచిపెట్టలేదని మెల్లగా తెలిసొచ్చింది.

ఇవాళ పిల్ల నీళ్లలోంచి లేచాక, "ప్రార్థన ఎవరు చేస్తారమ్మా?" అని అయ్యగారు అడిగారు.

"నేను చేస్తానండి," అన్నాను.

నువ్వు చెప్పినట్టే నా కొడుకు పేరు పైకి చెప్పాను. వాణ్ణి ఇచ్చినందుకు, నిన్ను ఇచ్చినందుకు స్తోత్రాలు చెప్పుకుని, ఆమేన్ దాకా నేనే చెప్పాను.

నీ మరదలు,
శాంతమ్మ