నాన్న తుపాకీ అమ్మొద్దు

మోర్‌హెడ్, కెంటకీ
అక్టోబరు 14, 1956

నాన్నా, ఓర్లీనా రాసేది. దగ్గు తగ్గింది, బాగున్నాను. వర్జిల్ బాబాయ్ ఇది నిదానంగా చదివి వినిపించాలి.

గనిలో విరిగిన భుజం తుపాకీ తన్నుకు ఓర్చుకోలేకపోతోందనీ, భుజానికి ఆనించే దాని చెక్క మడమ కోయించి రబ్బరు మెత్త వేయించాలో, అమ్మేయాలో చదువుకున్నదాన్ని నన్నే చెప్పమనీ రాయించావు. నిన్న ఇక్కడ తుపాకులు బాగుచేసే ముసలాయన్ను అడిగాను.

"ఒక్క తూటా పట్టే పాత తుపాకీకి మరమ్మతు కూడానా, అమ్మాయీ? రెండు గొట్టాలది కొనుక్కోమను," అన్నాడు.

"రెండుసార్లు పేలితే మా అమ్మ పెనం పెట్టదండీ," అన్నాను.

నవ్వాడు. కొండమీద నీ తుపాకీ ఒక్క మోత వినపడి ఊరుకుంటే కూరకి ఉడత పడినట్టేనని ఆయనకేం తెలుసు. ఇక్కడా ఆదివారాలు ఊరవతల ఎవరో కాలుస్తారు. పుస్తకం మూసి చెవి ఒగ్గుతాను. వెంటనే రెండోది పేలుతుంది. మళ్లీ పుస్తకం తెరుస్తాను.

నా ఉన్ని మేజోళ్లు పంపండి. ఎర్రావు ఈనిందా? అమ్మ మోకాలు ఎలా ఉంది?

అమ్మొద్దు నాన్నా. మడమ అంగుళం కోయించి మెత్త వేయించు. గొట్టం కూడా పొట్టి చేద్దామని బాబాయ్ అంటే వినకు. బాబాయ్, ఈ ముక్క కూడా చదవాలి. అందరినీ దేవుడు చల్లగా చూడాలి. గొట్టం కోస్తే మోత మారుతుందట. అప్పుడు నేను ఇంటికొచ్చి కొండ కింద బస్సు దిగినా, పేల్చింది నువ్వేనని నాకు తెలియదు.