ఏడో నంబరు మంచం దగ్గర సంసారం

పెద్దమ్మకు నీ వాగుడుకాయ నమస్కారాలు.

క్షేమంగా చేరాను. ఆస్పత్రిలో మగవాళ్ల వార్డు ఇచ్చారు. పక్కలు మార్చడం, జ్వరం చూడటం, మాత్రలు మింగించడం నా పని. మేట్రన్ గారు మంచివారే గానీ నవ్వరు. ఆవిడది మన భాష కాదు. తెలుగు నేర్చుకున్నారు కానీ, మాట దొరకని చోట సొంత మాట అతికించేస్తారు.

మొదటి రోజే నన్ను పిలిచి, "చూడమ్మాయ్, నువ్వింకా టెంపరరీ. డ్యూటీలో సంసారం కుదరదు. పర్మినెంటు కావాలంటే అది ఇంటి దగ్గర పెట్టుకో" అన్నారు.

"నాకు సంసారం లేదండీ" అన్నాను.

"నీకా? ఈ ఆస్పత్రి మొత్తంలో నీకున్నంత సంసారం ఎవరికీ లేదు" అన్నారు. పక్కనున్న నర్సులందరూ తలలూపారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇట్లు,
నీ వాగుడుకాయ

తా.క.: వచ్చి వారం కూడా కాలేదు. అంత సంసారం నాకెప్పుడు ఏర్పడిందో నాకే తెలియడం లేదు.

*

చిరంజీవి వాగుడుకాయను పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం చదివాక మిషను మీద చెయ్యి ఆడలేదు. ఎవరిదో చొక్కాకి ఒక చెయ్యి తిరగేసి కుట్టేశాను. తల్లి లేని పిల్లవని గుండెల మీద పెట్టుకుని, సంసారపక్షంగా పెంచానే. నిజం చెప్పు, ఎవరతను? ఏం చేస్తాడు? ఎవరూ లేకపోతే ఆ మేట్రన్ నోటికి అడ్డూ ఆపూ లేదా?

మీ పెద్దనాన్న ఏదో చెప్పబోయారు. మీరు ఊరుకోండి అన్నాను. ఊరుకున్నారు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క.: ఒకవేళ ఉన్నాడే అనుకో, చొక్కా కొలతలు పంపు. తిట్టేది తిడతాను, కుట్టేది కుడతాను.

*

పెద్దమ్మా,

నీ మీద ఒట్టు, ఎవరూ లేరు. ఇక్కడ నా పరువు గంగలో కలిసింది.

ఏడో నంబరు మంచం మీద ఒక పెద్దాయన ఉన్నారు. రైలు గార్డుగా చేశారట. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. భార్య పక్కనే కూర్చుని ఉంటుంది. ఆయన ముఖం తుడిచేటప్పుడు, దుప్పటి మార్చేటప్పుడు నేను ఊరికే ఉండలేక నోటికొచ్చిందల్లా చెబుతుంటాను. నీ కుట్టు మిషను గురించి, మన వీధి కుళాయి దగ్గర తగాదాల గురించి. ఆయన కప్పుకేసి చూస్తూ వింటారు. ఇంతే జరిగింది.

నిన్న అందరి ముందూ మేట్రన్ గారు ఏమన్నారో తెలుసా? "ఈ అమ్మాయి ఏడో నంబరు పెద్దాయనతో మధ్యాహ్నమంతా సంసారం చేస్తోంది. తిరిగి చెయ్యలేని మనిషితో ఎందుకమ్మా? ఇంకోసారి కనబడితే ఇంటికి పంపించేస్తాను."

నేను గోడకి అతుక్కుపోయాను. ఇంతలో ఆయన భార్యే అడ్డొచ్చింది. "చెయ్యనివ్వండమ్మా. నేను చేసి చేసి అలిసిపోయాను. ఈ పిల్ల చేస్తుంటే ఆయన కళ్లల్లోకి కాస్త వెలుగొస్తోంది" అంది.

ఇట్లు,
ఏడవడానికి కూడా తీరిక లేని
నీ వాగుడుకాయ

తా.క.: ఆవిడ నాకు బత్తాయి ఒలిచి పెట్టింది కూడా. సొంత మొగుడి విషయంలో అంత పెద్ద మనసు నేనెక్కడా చూడలేదు.

*

వాగుడుకాయకి,

ఆశీర్వాదాలు తరవాత. నీతో లాభం లేదని మీ మేట్రన్‌కే సూటిగా ఉత్తరం రాశాను. ఏం రాశానో నువ్వూ చూడు: "అమ్మా, మా ఇంట్లో ఆడవాళ్లు కట్టుకున్నవాడితో తప్ప పరాయి మనిషితో సంసారం చెయ్యరు. మా అమ్మాయికి పెళ్లయ్యేదాకా ఆ ఊసే లేదు. పుట్టి బుద్ధెరిగాక అది ఎవరితోనూ సంసారం చేసి ఎరగదు."

ఇంక ఆవిడ నోరు మూతపడుతుంది.

పెద్దమ్మ

తా.క.: మీ పెద్దనాన్న ఒకసారి చదువుతానన్నారు. అప్పటికే అంటించేశాను.

*

పెద్దమ్మకు నీ వాగుడుకాయ కోటి నమస్కారాలు.

కూర్చుని చదువు. చేతిలో కత్తెర ఉంటే పక్కన పెట్టు.

నీ ఉత్తరం అందిన రోజు మేట్రన్ గారు నన్ను గదిలోకి పిలిచి కుర్చీ వేయించారు. ఆవిడ కళ్లనిండా నీళ్లు. "ఇంట్లో నిన్నింత కష్టపెట్టారని నాకు తెలీదమ్మా. ఇక నిన్ను ఆపను. ఏడో నంబరుతోనే కాదు, వార్డు మొత్తంతో కడుపునిండా సంసారం చేసుకో" అన్నారు.

వెళ్లి గార్డు గారి భార్యకి చెప్పుకుని ఏడ్చాను. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆవిడ బళ్లో భాషలు చెప్పిన మనిషి. ఆయనది తెలుగు, ఆవిడదీ మేట్రన్ గారిదీ మలయాళం. మలయాళంలో సంసారమంటే మాట్లాడటమట, పెద్దమ్మా. ఉత్త మాట్లాడటం. హిందీ వాళ్లకి లోకమంతా సంసారమేనట. తమిళంలో భార్యని అంటారట. అసలు సంస్కృతంలో కలిసి సాగిపోవడమని, పుడుతూ పోతూ తిరుగుతుండటమని అర్థమట. "ఎవరికి కావలసింది వాళ్లు పట్టుకెళ్లారు. పెళ్లయిన కొత్తలో, కాసేపు సంసారం చేద్దాం రండి అంటే ఈయన తలుపు గడియ పెట్టొచ్చారు" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. అనుమతి దొరికింది కదాని ఆయన పక్కన కూర్చుని కుళాయి తగాదా మొదటినించీ ఎత్తుకున్నాను. ఎవరు బిందె విసిరారో చెబుతుండగా ఆయన పెదవి కదిలింది. నేను చూసుకోలేదు, చెప్పుకుపోతూనే ఉన్నాను. అప్పుడు ఆయన గొంతు పెగిలింది.

"కా...స్త... ఆపమ్మా."

ఆయన భార్య ఒళ్లో బత్తాయిలు నేల మీద దొర్లాయి. ఆయన చేతిని చెంపకి ఆనించుకుని, "మళ్లీ అనండి" అంది.

"ఆపమను" అన్నారాయన, ఈసారి కాస్త గట్టిగా.

మంచాల మీద వాళ్లంతా చప్పట్లు. ఎప్పుడూ నవ్వని మేట్రన్ గారు పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుని నవ్వారు. పెద్ద డాక్టరు గారు నన్ను పర్మినెంటు చేయించారు. మాట పడిపోయినవాళ్ల దగ్గర కూర్చుని రోజూ మాట్లాడటమే ఇకనించి నా పని. వాగి వాగి ఏం బావుకుంటావే అని తిట్టేదానివి. జీతం బావుకుంటున్నాను, పెద్దమ్మా.

ఇట్లు,
పర్మినెంటు వాగుడుకాయ

తా.క.: నీ ఉత్తరం అర్థం మేట్రన్ గారికి చెప్పేలోపే ఆవిడ జవాబు పోస్టు చేసేశారట, పెద్దనాన్న పేరున. ఇంట్లో ఆడవాళ్లని నోరు విప్పనివ్వని మీరు ఒక మనిషేనా అని నాలుగు పేజీలు దులిపేశారట. ఆయన చదివేటప్పుడు నువ్వు పక్కనుండకు. పాపం, మొదటిసారి మనసారా నవ్వుకోనీ.