మూడో అంకంలో చెంపదెబ్బ

ఫరంపేట, యానాం
బుధవారం

నాన్నగారి పాదాలకు మీ పెద్దమ్మాయి సత్యవతి దండాలు. అమ్మకూ, చెల్లి పద్మకూ నా ప్రేమ.

నేనిక్కడ కులాసా. మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ దగ్గు తగ్గిందా? అమ్మ బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటోందా? పద్మా, ఈ ఉత్తరం చదివి వినిపించేది నువ్వే కాబట్టి నీకొక మాట. అమ్మను కూడా పక్కన కూర్చోబెట్టి, ఎక్కడా మింగేయకుండా చదువు. ఫోనులో అయితే నాన్నగారు నవ్వేసి మాట మార్చేస్తారని రాస్తున్నాను.

బడి బాగానే ఉంది. నేను పద్యం చదివితే ఆరో తరగతి పిల్లలు నవ్వుతారు. రాగం తీయకుండా నాకు పద్యం రాదు, అది మీ చలవే. గోదావరి గాలికి సాయంత్రాలు చలిగా ఉంటోంది. ఏట్లో చీరమేను చేపపిల్లలు వచ్చాయి. పక్కింటి మరిడమ్మగారు చీరమేను గారెలు వేసి పెట్టింది. బాగున్నాయి కానీ ఒక్కదాన్నే కూర్చుని తింటుంటే మీరంతా గుర్తొచ్చారు. వీలైతే అమ్మ చేసిన కందిపొడి కొంచెం పంపండి. నా గురించి బెంగ పెట్టుకోకండి, నిజంగా కులాసాగానే ఉన్నాను. నుదుటి మీద దెబ్బ తగిలి మూడు కుట్లు పడ్డాయి, మానిపోతోంది. ఆ దెబ్బ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇక్కడి ఉత్సవ కమిటీ పెద్ద సూరిబాబుగారు మీకు తెలుసు కదా. మీరు రాజు వేషం కట్టిన ఆ పాత నాటకాన్ని మళ్లీ ఆడించాలని ఆయన పట్టుదల. మీ అమ్మాయిననీ, తెలుగు టీచర్ననీ నన్ను ప్రాంప్టింగుకు పిలిచారు. సంతోషంగానే ఒప్పుకున్నాను. ఆ పద్యాలు నాకు అక్షరాలు రాకముందే మీ నోట విని నేర్చుకున్నవి. వాటిని మొదటిసారి కాగితం మీద రాసుకుని చూసినప్పుడు మాత్రం భయం వేసింది. మూడో అంకంలో రాజు భార్యను అనుమానించి, జుట్టు పట్టి సభలోకి ఈడ్చుకొచ్చి, పద్యం చివర చెంప పగలగొడతాడు. నాలుగో అంకంలో ఆమె అతని పాదాలు కడిగి, తప్పు తనదే అంటుంది. రాగంలో విన్నన్నాళ్లూ ఆ మాటల అర్థం నాకు తట్టనే లేదు.

రిహార్సల్లో అడిగాను. "చెయ్యి గాలిలో ఆపేసి, తబలా మీద దెబ్బ వేస్తే సరిపోదా అండీ?"

సూరిబాబుగారు పకపకా నవ్వారు. "ఉత్తుత్తి దెబ్బకి ముందు వరసోళ్లు ఊరుకోరమ్మా. మీ నాన్నగారు కొడితే ఆఖరి వరసోళ్లకీ వినపడేది, ఆయ్! మీ అమ్మగారు మాత్రం తక్కువా? ఆవిడే కదా రాణీ. మెట్టకూరులో అయిదు వన్స్ మోర్లు! చెవిలోంచి రక్తం కారతా ఉన్నా, తరవాత తన పద్యం శ్రుతి తప్పకుండా పాడేరు. అలాటి ఆర్టిస్టులు ఇప్పుడేరీ?"

ఆయన మెచ్చుకుంటూనే చెప్పారు నాన్నా. అమ్మ ఎడమ చెవికి వినికిడి విషజ్వరం వల్ల పోయిందని కదా మీరు మాతో అన్నది.

పోయిన శనివారం సాయంత్రం ప్రదర్శన. రాణి వేషానికి రాజ్యంగారని యాభై ఏళ్లావిడను పిలిపించారు. మొదటి రెండంకాలు ఎంత బాగున్నాయంటే, నేను కాగితాలు చూడడం మరిచి వింటూ ఉండిపోయాను. మూడో అంకంలో రాజు ఆవిడ జుట్టు చేతికి చుట్టుకుని ఈడ్చాడు. పద్యం అయింది. దెబ్బ పడింది. "వన్స్ మోర్!" అని జనం లేచారు. పద్యానికి వన్స్ మోర్ అంటే దెబ్బకూ వన్స్ మోరేనని మీకు వేరే చెప్పాలా? మళ్లీ పద్యం, మళ్లీ దెబ్బ. "ఏం రాజా, అన్నం తిన్లేదా? గట్టిగా వెయ్యి!" అని ఎవరో అరిస్తే ఆడవాళ్లు కూడా నవ్వారు. మూడోసారికి ఆవిడ పెదవి చిట్లింది. నాలుగోసారికి మోకాళ్ల మీద కూలబడింది. తనే లేచి, ముక్కు కింద రక్తం పైటచెంగుతో తుడుచుకుని, మళ్లీ చెంప చూపించింది.

తెర తాడు నా పక్కనే కట్టి ఉంది. ముడి విప్పేశాను.

"ఎవర్రా తెర దించింది?" అంటూ స్టేజి మీదికి ఎగబడ్డారు. హార్మోనియం ఎత్తి నేలకేసి కొట్టారు. దాని మెట్లు పళ్లలా రాలాయి. ఎవరో విసిరిన కుర్చీ నా నుదుటికి తగిలింది. సూరిబాబుగారు నా భుజం పట్టుకుని ఊపేశారు. "పరువు తీసేవు కదే! మీ నాన్నగారి మొహం చూసి వదిలేస్తున్నాను." రాజ్యంగారైనా ఒక మంచి మాట అంటుందనుకున్నాను. ఆవిడ నోట్లోని రక్తం ఉమ్మి, "నా నోటికాడ కూడు తీసేసేవు తల్లీ. వన్స్ మోర్లు పడితేనే ఇంకో ఊరోళ్లు పిలుస్తారు. నీకంటే బళ్లో ఉద్యోగం ఉంది" అంది.

ఇప్పుడు అదే నాటకం సూరిబాబుగారు మెట్టకూరులో ఆడిస్తారట, రాజు వేషం మీతోనే కట్టిస్తారట. మీరు సరేనన్నారని, మీసాలకు రంగు కూడా తెప్పించుకున్నారని పద్మ ఫోనులో చెప్పింది. మీకు ఎంత సంతోషంగా ఉంటుందో నాకు తెలుసు. ఆ పద్యాలు మీతోనే పోతాయన్న దిగులూ తెలుసు. అవి పోవాలని నేను కోరుకోను. ఆ సీను తీసేసి ఆడితే పోలా అని మా బడిలో టీచర్లు అంటున్నారు. తీసేస్తే నాలుగో అంకంలో రాజు కొట్టని మంచివాడైపోతాడు, ఆవిడ మాత్రం పాదాలు కడుగుతూనే ఉంటుంది. ఉన్నదున్నట్టు ఆడితే ఇంకో ఆడమనిషి పెదవి చిట్లుతుంది. నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆ నాటకం మళ్లీ బతకాలో వద్దో తేల్చాల్సింది సూరిబాబుగారు కాదు, నేనూ కాదు, మీరూ కాదు. అమ్మ.

ఇంట్లో మీరు అమ్మ మీద ఎన్నడూ చెయ్యెత్తలేదు. అందుకే స్టేజి మీద ఎలా కొట్టగలిగారో నాకు ఇంకా అర్థం కావడం లేదు.

అమ్మ ఆడమంటే ఆడండి. చెయ్యి గాలిలో ఆపేయండి, జనం ఎంత అరిచినా ఆ పద్యం రెండోసారి అందుకోకండి. నేనే వచ్చి ప్రాంప్టింగు చెబుతాను, రాళ్లు పడితే ఆ దెబ్బలు ఇద్దరం కలిసే తిందాం. అమ్మ వద్దంటే ఆ మాట సూరిబాబుగారికి మీరే చెప్పండి, నాతో చెప్పించకండి.

తాతకూ, పెద్దత్తకూ నా నమస్కారాలు చెప్పండి. నా మీద కోపం వచ్చినా దీవించడం మానకండి.

ఒక్క సంగతి. మీరు అడిగితే అమ్మ "మీ ఇష్టం" అంటుంది. నాలుగో అంకంలో పాదాలు కడిగాక రాణి చేత చివరికి అనిపించేదీ ఆ మాటే. అదే జవాబనుకుని లేచి వెళ్లిపోకండి నాన్నా. కూర్చుని, మళ్లీ అడగండి.

మీ దీవెనలు కోరే
సత్యవతి