మూడో అడుగు

విరుదునగర్, ఆగస్టు 4

తాత పాదాలకు దండం పెట్టి అముద రాస్తున్నది.

ముప్పై ఏళ్లు ఊరి ఉత్తరాలు మోసినవాడివి, ఫోన్ అంటే మొహం తిప్పుకుంటావు. అందుకే ఇన్లాండ్ కవరు కొన్నాను. నీ కళ్లకు పొర కమ్మింది కాబట్టి అవ్వే చదివి వినిపిస్తుంది. అవ్వా, మెల్లగా చదువు! మన ఇంటి తెలుగును తమిళ అక్షరాల్లో రాస్తున్నాను. హాస్టల్లో ఎవరు విప్పి చూసినా ఒక్క ముక్క అర్థం కాదు.

తాతా, సెప్టెంబర్ చివర మా కాలేజీ డే. ఆ రోజు స్టేజీ ఎక్కుతానని వచ్చిన వారంలోనే హాస్టలంతా వినేలా చెప్పేశాను. ఇప్పుడు తగ్గితే తల ఎత్తుకోలేను. క్విజ్ క్లబ్బులో గంట నొక్కడంలో నేనే ఫస్టు, జవాబులే రాలేదు. యోగా క్లబ్బు పక్కన మిరపకాయల గోడౌను ఉంది. "ఊపిరి బాగా లోపలికి పీల్చండి" అన్నారు. పీల్చి తుమ్మాను. నా వెనక ఇరవై మందీ తుమ్మారు. రేపు ఇళవరసి అక్క వాళ్ల వెస్టర్న్ డాన్సు గుంపులో ఆడిషన్. ఎందులోనో ఒకదాంట్లో చేరి తీరతాను.

ఇట్లు,
నీ మనవరాలు అముద

తా.క. ఆడిషన్ అంటే పరీక్ష పెట్టి ఎంచుకోవడం.

కయత్తారు దగ్గర మన ఊరు, ఆగస్టు 9

చిరంజీవి అముదకు తాత దీవెనలు.

ఇక్కడ గాలిమరలు బ్రహ్మాండంగా తిరుగుతున్నాయి, వాన మాత్రం లేదు. డాన్సు మాట ఏమిటి? మన ఇంట్లో ఆడేది మగవాళ్లు. గుడి పండగల్లో ఆడే దేవరాట్టం వరసలో నలభై ఏళ్లు ముందు నిలబడినవాణ్ని చెప్తున్నాను, ఆడపిల్ల గంతులేయడం నాకు సమ్మతం కాదు. యోగాలోనే చేరు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని వెళ్లు. ఎంచుకుంటారంటున్నావు కాబట్టి రేషన్ కార్డు జిరాక్సు, నా పోస్టాఫీసు రిటైర్మెంటు కాగితం జత చేశాను. అడిగితే చూపించు.

ఇట్లు,
తాత రామసుబ్బు
(చేతిరాత: జానకియమ్మాళ్)

తా.క. ఇది నా సొంతం. ఆ ఇళవరసి పరీక్షలో ఏమైంది? దాచకుండా రాయి. అవ్వ.

విరుదునగర్, ఆగస్టు 17

తాతకు దండం.

ఇళవరసి అక్క నా కాళ్లు చూసి, "నువ్వు డాన్సు చేయట్లేదు, నేల దంచుతున్నావు" అంది. బాత్రూములో కుళ్లి కుళ్లి ఏడ్చాను. మొహం కడుక్కుని నేరుగా జానపద బృందం దగ్గరికి పోయాను. అక్కడ నేల దంచేవాళ్లే కావాలట!

కోపం తెచ్చుకోకు. వాళ్లు ఆడేది దేవరాట్టం. కాళ్లకు గజ్జెలు, రెండు చేతుల్లో రుమాళ్లు, ఉరుమి డోలు మోత, అంతా మన ఆటే. నేర్పేది మూడో ఏడాది ఆనంద్‌కుమార్, తను నేర్చింది ఫోన్ వీడియోల్లో. పదకొండు మందిమి ఉన్నాం, స్టేజీ మీద చోటు ఎనిమిది మందికే. నాకు మూడో అడుగు కుదరట్లేదు. నువ్వు వద్దంటే మానేస్తానని రాయాలి. రాయను, ఎందుకంటే మానను.

ఇట్లు,
మొండి మనవరాలు అముద

తా.క. రేషన్ కార్డు జిరాక్సు భద్రంగా ఉంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మన ఊరు, ఆగస్టు 23

అముదకు వెయ్యి దీవెనలు.

ఏడ్చింది చాలు. మూడో అడుగు మడమ మీద వేస్తే ఎవరికీ కుదరదు. ముంగాలి మీద వేసి, మోకాలు వంచి, ఉరుమి రెండో దెబ్బకు వెనక్కి రా. రుమాలు విసరొద్దు. పాలు పొంగుతుంటే కొంగు పట్టి గిన్నె దించుతామే, అంత చటుక్కున తిప్పాలి. చంకలో బిడ్డ నిద్ర లేవకూడదు, నడుము అట్లా నిలవాలి. ఆ ఎనిమిది మందిలో నువ్వు ఉండి తీరాలి.

ఇట్లు,
తాత రామసుబ్బు

తా.క. ఈ సంగతి ఎవరి దగ్గరా ఎత్తొద్దు. నా దగ్గర కూడా.

విరుదునగర్, సెప్టెంబర్ 3

తాతా, నువ్వేనా!

మూడో అడుగు కుదిరింది! ఆనంద్‌కుమార్ నోరు తెరిచాడు. "ఎవరు చెప్పారు?" అంటే గర్వంగా నీ పేరే చెప్పాను.

నిన్న పొన్నయ్య మామ ఎండుమిరప మూటలతో బజారుకు వచ్చి, నువ్వు పంపిన తుంగచాప ఇచ్చాడు. "తలకింద మెత్తగా వేసుకుని కాళ్లు నిలువునా పైకెత్తమన్నాడు మీ తాత" అన్నాడు. ఇది ఎన్నో అడుగు తాతా? పాతకాలపు రహస్యమేదో అనుకుని పదకొండు మందిమీ తలకిందులుగా నిలబడ్డాం. ఆనంద్‌కుమార్‌కు మెడ పట్టేసింది. ఉరుమి కొట్టే మూక్కన్ వెళ్లి గోడకు కొట్టుకున్నాడు.

నిన్నే అడిగి తేల్చుకోవాలని ఆదివారం ఆనంద్‌కుమార్ కోవిల్‌పట్టిలో బస్సు మారి మన ఇంటికి వస్తున్నాడు. నీతో మాట్లాడాకే ఎనిమిది పేర్లు రాస్తాడట. నేను చెప్పింది అబద్ధమని తేలితే నా పేరు ఉండదు. అంతా నీ చేతిలోనే ఉంది.

ఇట్లు,
అముద

తా.క. చాప మీద పడుకుంటే మాత్రం హాయిగా ఉంది.

మన ఊరు, సెప్టెంబర్ 5

అముదా,

ఆ అబ్బాయిని రానివ్వకు. నాకు ఒంట్లో బాగాలేదు. ఆదివారం బస్సులు కూడా ఆగవు.

ఇట్లు,
తాత రామసుబ్బు

తా.క. మెడకు నువ్వులనూనె కాచి రాయమను. చాప గురించి ఏమీ అడగొద్దు.

మన ఊరు, సెప్టెంబర్ 8

బంగారు తల్లి అముదకు అవ్వ జానకియమ్మాళ్ ముద్దులు.

నా ఉత్తరం నీకు అందేలోపే ఆ అబ్బాయి వచ్చేశాడు. ఇక దాచి లాభం లేదు. మీ తాతకు చదివేది నేను, రాసేది నేను. ఆయన డాన్సు వద్దన్నప్పటి నుంచి నీ ఉత్తరాలన్నీ యోగా ఉత్తరాలుగా చదివి వినిపించాను. మొదలుపెట్టాక ఆపడం నాతో కాలేదే! నువ్వు తలకిందులుగా నిలబడి కాలేజీకే ఫస్టు వచ్చావని చదివాను. ఆ సంబరంలో ఆయన వీధంతా కోవిల్‌పట్టి చిక్కి పంచి, నీకు చాప కొని పంపాడు.

అడుగులు చెప్పిందీ నేనే. మగవాళ్లు ఆడుతుంటే నలభై ఏళ్లు నీళ్ల చెంబు పట్టుకుని ఓరగా నిలబడ్డాను. చూసిందంతా వంటింట్లో తలుపు వేసుకుని ఆడేదాన్ని.

ఆదివారం ఆ అబ్బాయి వంకర మెడతో వచ్చి కూర్చుని, నీకు నేర్పిన దేవరాట్టం అడుగు తనకూ చూపించమనగానే మీ తాత, "నేనెప్పుడురా నేర్పినా? నా మనవరాలు చేసేది యోగా కదా!" అని లేచాడు. అబ్బాయి బిత్తరపోయి మూడో అడుగు వేసి చూపించాడు. చప్పుడు విని "తప్పు" అన్నాడు మీ తాత. "మరి ఎట్లా వెయ్యాలి?" అంటే వేసి చూపించలేక నొప్పి మోకాళ్లు పట్టుకుని కూర్చుండిపోయాడు. అబ్బాయి సంచి సర్దుకున్నాడు. అయ్యో, నీ పేరు పోతుందే అని నా మనసు ఆగలేదు. కొంగు బిగించి వసారాలో నేనే వేశాను.

మీ తాత తల ఎత్తాడు. "అదీ! ఇప్పుడొచ్చెరా నీకు! నలభై ఏళ్లలో మన వరసలో ఒగడన్నా ఇంత బాగా వెయ్యలా. ఎవురింటి పిల్లోడివిరా?" అన్నాడు.

"మీ ఇంటిదాన్నే" అన్నాను.

మీ తాత కాఫీ అడిగాడు. తాగాక, అటక మీది ఉరుమి దించమని ఆ అబ్బాయికి చెప్పాడు. ఒళ్లో పెట్టుకుని, "ఏమే, ఇంగొకతూరి వెయ్యి" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు, ఏడుస్తూనే వేశాను.

నీ పేరు అన్నిటికంటే ముందు రాశాడు ఆనంద్‌కుమార్. నా కళ్లతో చూశాను. కాలేజీ డేకి ఇద్దరం వస్తున్నాం.

ఇట్లు,
నీ అవ్వ

తా.క. కింద వంకరగా ఉన్నవి మీ తాత సొంత అక్షరాలు. నేను ముట్టుకోలేదు.

అముదా, ఇకమీదట మీ అవ్వ రాసేది ఒక్కటీ నమ్మవద్దు. మూడో అడుగు మాత్రం ఆమె చెప్పినట్టే వెయ్యి.